చొక్కా తిన్న నేల

వానపామును వెనకనుంచి కాల్చారు. పట్టపగలు, ఊరు ఊరంతా చూస్తుండగా కాల్చారు. ఈ మాట ముందే గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఆ తర్వాత చాలాకాలం పాటు, అడిగితే చాలు, ప్రతివాడూ నేను చూడలేదన్నాడు.

వానపాము అంటే మనిషే. ఎస్టేటు భూమిలో కౌలుకు చేసుకునే రైతు. ఎవరైనా చేను చూడ్డానికొస్తే పలకరింపు కూడా లేకుండా మోకాళ్ల మీద కూలబడి, నేలలోకి చెయ్యి దూర్చి, గుప్పెడు మట్టి తీసి వాళ్ల మొహం ముందు పెట్టేవాడు. అందులో వానపాములు మెలికలు తిరుగుతుంటే కన్నపిల్లల్ని చూపిస్తున్నంత సంబరం అతనికి. అందుకే ఆ పేరు. అతని అక్కకు మాత్రం అతను ఉత్త తమ్ముడే. ఊరి విత్తనాలన్నీ బూడిద కలిపి కుండల్లో దాచే పని ఆమెది కాబట్టి ఆమెను అందరూ విత్తనాలక్క అనేవాళ్లు.

ఆ పొద్దున ఎస్టేటు కాంట్రాక్టరు బుల్డోజరుతో దిగాడు. వెంట కర్రలు పట్టుకున్న మనుషులు. ఒక్కో కుటుంబం చేను చుట్టూ కంచెగా పెంచిన చెట్లున్నాయి. వాటిని పెకలించేస్తే ఏ చేను ఎవరిదో చెప్పడానికి ఆనవాలు మిగలదు. వాడి ఎత్తు అదీ.

“ఖాళీ చెయ్యమని ఎప్పుడో చెప్పాం. బంగారంలాంటి నేలని చంపి పెట్టారు. ఇక పొండి,” అన్నాడు కాంట్రాక్టరు.

“చంపామా? మేమా?” వానపాముకు నవ్వొచ్చింది. “ఏదీ, నువ్వే చూడు బాబూ.”

అని వెనక్కి తిరిగాడు. తుపాకి ఉన్నవాడికి వీపు చూపకూడదని తెలియక కాదు. మట్టి చూపిస్తే ఎవడైనా నమ్ముతాడని అతని పిచ్చి నమ్మకం. మోకాళ్ల మీద కూలబడ్డాడు. చెయ్యి మోచేతి దాకా నేలలోకి దిగింది. కాంట్రాక్టరు నడుం దగ్గరనుంచి తుపాకి తీశాడు.

ఆ చప్పుడుకు కంచెలోని పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. వానపాము బోర్లా పడ్డాడు. చెయ్యి ఇంకా నేలలోనే ఉంది.

అక్క ఎవరిని నెట్టుకుంటూ వెళ్లిందో ఆమెకే తెలియదు. తమ్ముణ్ణి ఒడిలోకి లాక్కుంది. చొక్కా ఊడబెరికి, ఉండచుట్టి, వీపు మీది గాయంలో అదిమింది. తెల్ల నూలు చొక్కా. నిన్న తనే ఉతికి ఆరేసింది. చూస్తుండగానే తడిసి ముద్దయింది.

“బరువుగా ఉందే అక్కా,” అన్నాడు. ఏది బరువుగా ఉందో చెప్పకుండానే పోయాడు.

అప్పుడు కదిలింది జనం. విత్తనాలు గుచ్చడానికి చివర ఇనుప మొన పెట్టించుకున్న కర్రలు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. బుల్డోజరు అద్దాలు పగిలాయి. డ్రైవరును కాలర్ పట్టి కిందికి ఈడ్చారు. కాంట్రాక్టరు మనిషి ఒకడి దవడ విరిగింది. వాళ్ల కర్రలకు ఒక ముసలాయన తల పగిలి, ఆయన అక్కడే గట్టుమీద కూర్చుండిపోయాడు. మళ్లీ తుపాకి పేలింది, ఈసారి గాల్లోకి. జనం చెదిరారు. ఆ సందులో వాళ్లు శవాన్ని ఎత్తి జీపులో పడేశారు. అక్క జీపు వెనక తలుపు పట్టుకుని కొంతదూరం నేలమీద ఈడ్చుకుంటూ పోయింది. ఒకడు ఆమె వేళ్ల మీద బూటుకాలితో తన్నేదాకా వదల్లేదు.

లేచి చూసుకుంటే చేతిలో చొక్కా మిగిలింది. ముందు భాగంలో ఎక్కడా చిల్లు లేదు. వెనక, ఎడమ రెక్క కింద, వేలు దూరేంత చిల్లు.

ఆమె తలెత్తింది. బుల్డోజరు పక్కన కమ్మరి మామ నిలబడి ఉన్నాడు. కాంట్రాక్టరు అతన్ని బుల్డోజరు పళ్లు బాగుచెయ్యడానికి కూలికి తెచ్చుకున్నాడు. తుపాకి పేలినప్పుడు అందరికన్నా దగ్గరున్నది అతనే. ఆమె చూపు తగలగానే తల దించుకున్నాడు.

పోలీసులు వస్తున్నారని ఎవరో అరిచారు. ఇంట్లో దాచితే ఇల్లు పీకి పందిరేస్తారు. చెరువులో వేస్తే తేలుతుంది. అక్కకు ఒక్కటే తోచింది. కంచె మొదట్లో, తమ్ముడు పడిన చోటికి పక్కనే, రెండు చేతులతో నేల తవ్వింది. మెత్తని నేల, అడగ్గానే దారి ఇచ్చింది. చొక్కా పెట్టి, మట్టి కప్పి, పైన ఎండాకులు పరిచింది. పక్కచేను పెద్దమ్మ ఒక్కతే చూసింది.

“భద్రం,” అంది పెద్దమ్మ.

“మనకి ఇంతకన్నా భద్రమైన చోటేముంది పెద్దమ్మా,” అంది అక్క. అంతలో జీపులు దిగాయి.

*

ఆ నేల సంగతి చెప్పకపోతే ఈ హత్య ఎవరికీ అర్థం కాదు.

వీళ్లకు కౌలుకిచ్చినప్పుడు అది బూడిద. ఎస్టేటు వాళ్లు ఏళ్ల తరబడి లోతుగా దున్ని, దుబ్బులు కాల్చి, మందులు గుమ్మరించి పీల్చి పిప్పి చేశారు. వాన పడితే నీళ్లు లోపలికి దిగేవి కావు, పైపైనే పారి మట్టిని కొట్టుకుపోయేవి. పనికిరాదని తేలాక, ఉదారంగా పేదలకు కౌలుకిచ్చారు.

వానపాము అప్పుడే మొదలుపెట్టాడు. దున్నొద్దన్నాడు. కాల్చొద్దన్నాడు. కోతయిన మర్నాడే నాలుగు రకాల గింజలు కలిపి చల్లి, నేల ఒక్కరోజు కూడా ఒంటిమీద బట్ట లేకుండా ఉండకూడదన్నాడు. గట్లమీద చెట్లు పెట్టమన్నాడు. ఊరంతా నవ్వింది. కమ్మరి మామ అయితే ఒంటికాలిమీద లేచాడు.

“దున్నకపోతే కర్రు ఎవడు కొంటాడ్రా? నా కొలిమిలో నీళ్లు పోశావు కదరా,” అన్నాడు నలుగురిలో.

“మామా, ఆకు గాల్లోంచి పొగ పీలుస్తుంది. వేరు దాన్ని కిందికి దించి పురుగుకీ పుట్రకీ పెడుతుంది. అవి తిని నేలని నల్లగా చేస్తాయి. నువ్వు దున్నితే అదంతా మళ్లీ గాల్లోకి లేచిపోతుంది. కర్రు మానేసి గుచ్చే కర్రలకి మొనలు చెయ్యి.”

“మొనకెంతొస్తుంది, కర్రుకెంతొస్తుంది?” అని గొణిగాడు మామ. చేశాడు కానీ, ఆ కడుపుమంట మాత్రం పోలేదు.

నేల నల్లబడింది. వానపాములు వచ్చాయి, వాటివెంట పిట్టలు. కప్పలొచ్చాయి, పేడపురుగులొచ్చాయి, ఎలకల కోసం పాములు, వాటి వెనకే గుడ్లగూబ. తేనెటీగలు కంచెల్లో కాపురం పెట్టాయి. ఎండలు మండిన ఏడు చుట్టుపక్కల చేలన్నీ మాడితే వీళ్ల చేలు తల వంచలేదు. లోపల తడి ఉంది మరి.

అప్పుడొచ్చింది కంపెనీ. పొగ వదిలే ఫ్యాక్టరీలు, తాము వదిలినంత పొగని ఎక్కడో నేలలో దాచామని చెప్పుకోవాలట. ఆ దాచిన నేలకి డబ్బిస్తారట. దీనికి కార్బన్ సేద్యమని పేరు. గొట్టాలు దించి మట్టి తీసి కొలిచారు. బ్రహ్మాండమన్నారు. ఎస్టేటు యజమాని కంపెనీ దగ్గర నా నేల బతికి ఉంది అన్నాడు. కోర్టుకెళ్లి, కౌలుదార్లు నా నేల చంపేశారు, వెళ్లగొట్టండి అన్నాడు. ఒకే నోరు, ఒకే వారం. చెమట ఎవరిదో వాళ్ల నోట్లోనే మట్టి కొట్టడమంటే ఇదే. మీటింగులో వానపాము లేచి, “ఈ నల్లమట్టి మనం చేసింది, మనం కదలం,” అన్నాడు. ఆ మాటకే అతనికి తూటా దక్కింది.

*

స్టేషనులో అక్కను గోడకు నిలబెట్టి కొట్టారు. వాళ్లకు కావలసింది ఒక్కటే, చొక్కా. శవాన్ని వాళ్లే ఎక్కడో కాల్చేశారు, ఇంటికి బూడిద కూడా రాలేదు. కర్రెత్తి మీదికొస్తే ఎదురుగా కాల్చానని కాంట్రాక్టరు రాసిచ్చాడు. ఆ మాట అబద్ధమని చెప్పగలిగేది చొక్కా వెనకనున్న చిల్లు ఒక్కటే.

జమాదారు లాఠీతో ఆమె అరికాళ్లు చిట్లేదాకా కొట్టాడు. పళ్లు కరుచుకుని ఓర్చుకుంది. జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. నోట్లో రక్తం ఊరింది, మింగింది. చెప్పలేదు. ప్రతి దెబ్బకీ లోపల, నా చొక్కా భద్రం, నా తమ్ముడు భద్రం అనుకుంది.

“ఏదే చొక్కా? ఏమైంది? భూమి మింగేసిందా?” అన్నాడు జమాదారు విసుగెత్తి.

ఆ మాటతో ఆమెకు గుర్తొచ్చింది.

ఆ ఊళ్లో ఒక అలవాటుంది. విత్తే ముందు ఇంటికో నూలుగుడ్డ నేలలో పాతుతారు, కోతప్పుడు తవ్వి తీస్తారు. వానపామే పెట్టిన అలవాటు. నేల చచ్చిందైతే గుడ్డ పెట్టింది పెట్టినట్టే వస్తుంది. బతికిందైతే కంటికి కనపడని నోళ్లన్నీ కలిసి దాన్ని తింటాయి. మొదటేడు గుడ్డలన్నీ ఉతికి మడతపెట్టినట్టు వచ్చాయి, అందరూ తలలు పట్టుకున్నారు. పోయినేడు కుట్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఎవరి గుడ్డ ఎక్కువ తినేస్తే వాళ్ల చేనుకి అంత పేరు. వానపాము చేనుదే ఎప్పుడూ పైచెయ్యి.

ఊరంతటిలోనూ ఆకలిగొన్న నేల అదే. ఆ నేలలోనే తన చేతులతో తాను నూలుచొక్కా పాతిపెట్టి వచ్చింది. విచారణ రేపో మాపో అన్నారు కదా అని ధైర్యం. అది వాయిదా పడింది. మళ్లీ పడింది. జైలుకి మార్చారు. కిటికీ బయట వాన పడుతుంటే, తడిసిన నేల ఇంకా గబగబా తింటుందని తెలిసి, ఊళ్లో ఏ ఆడదీ ఏడవనంతగా ఏడ్చింది. ఆ వాన కోసమే వీళ్లు ఏటా ఆకాశం వైపు చూసేవాళ్లు.

పెద్దమ్మ చూడ్డానికొచ్చింది. పక్కనే పోలీసు.

“మనవాళ్లేమంటున్నారు పెద్దమ్మా? సాక్ష్యం చెబుతారా?”

“చెప్పేదేముందే. రోజూ మీటింగే, రోజూ తగువే. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని. కాంట్రాక్టరు ఇంటింటికీ తిరిగి, నోరెత్తితే నీ ఇల్లు కాలుస్తానన్నాడు, ఒకరి గడ్డివాము కాల్చి చూపించాడు కూడా. చివరికి, అదుంది కదా, అదే చెబుతుందిలే, మనమెందుకు అని సర్దుకున్నారు.”

“పెద్దమ్మా, ఈ ఏడు గుడ్డలు పాతారా?” అక్క ఆమె కళ్లలోకి గుచ్చి చూస్తూ అడిగింది. “పాతినవి ఏమైనా ఉంటే వెంటనే తీసెయ్యండి.”

“నీ పిచ్చి గాని, ఈ గొడవల్లో గుడ్డలెవరు పాతుతారే,” అంది పెద్దమ్మ. టైమైందని పోలీసు ఆమెను లేపేశాడు.

*

విచారణ ఎస్టేటు గోడౌనులో. ఎరువు బస్తాలు ఒక పక్కకు నెట్టి బల్లవేశారు. విచారణకొచ్చిన ఆఫీసరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. కాంట్రాక్టరు ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. ఊరివాళ్లను గోడవారగా నిలబెట్టారు. ఒక్కొక్కర్నీ అడిగారు. దూరంగా ఉన్నానన్నారు. కళ్లలో దుమ్ము పడిందన్నారు. ఒకడైతే నీళ్లు నమిలి, ఆరోజు ఊళ్లోనే లేనన్నాడు, తలమీద ఆనాటి దెబ్బ మచ్చ ఇంకా కనపడుతుండగానే. కమ్మరి మామ బుల్డోజరు అవతలి వైపు ఉన్నానన్నాడు.

అందరి కళ్లూ బేడీలతో నిలబడ్డ అక్కమీదే. ఇక నువ్వు తియ్యమ్మా అన్నట్టు.

“చొక్కా చూపిస్తాను,” అంది అక్క. మనసులో ఒక మూల, రాయేదో అడ్డం పడి చొక్కా ఇంకా మిగిలి ఉంటుందేమో అని ఆశ.

అందరూ చేను దగ్గరికి నడిచారు. బేడీల చేతులతోనే తవ్వింది. మట్టి నల్లగా, తడిగా, మంచి వాసనతో లేచింది. వానపాములు మెలికలు తిరిగాయి. ముందు ఒక బొత్తాం వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత కాలరు కుట్టిన నైలాన్ దారం, కండ తినేసిన చేప ముల్లులా. దాని చుట్టూ సాలెగూడంత నూలు. ముట్టుకోగానే అదీ వేళ్లమీద మట్టయిపోయింది. చిల్లు లేదు. చిల్లు పడ్డానికి గుడ్డ లేదు.

కాంట్రాక్టరు పగలబడి నవ్వాడు. “అయ్యా, బొత్తాలకి కూడా చిల్లులున్నాయి, రాసుకోండి.”

“సాక్ష్యం లేదు. ముగిస్తున్నాం,” అన్నాడు ఆఫీసరు, చేతులు దులుపుకుంటూ.

పెద్దమ్మ ముందుకొచ్చింది. “ఆగయ్యా. నేల చచ్చిపోయిందని కదా మమ్మల్ని పొమ్మన్నారు. చచ్చిందైతే ఇంత చొక్కాని ఎవరు తిన్నారు, ఆ కాంట్రాక్టరు తిన్నాడా?”

జనంలో నవ్వు పుట్టింది. చాలా రోజుల తర్వాత ఆ ఊరు నవ్విన నవ్వు అది. అది వేరే కేసన్నాడు ఆఫీసరు, జీపు వైపు తిరిగాడు.

అక్క గుంట పక్కనే కూలబడి ఉంది. ఏడవలేదు. కోపమొచ్చింది. కాంట్రాక్టరు మీద కాదు, ఆఫీసరు మీద కాదు. గోడవారగా నిలబడినట్టే ఇక్కడా వరసగా నిలబడ్డ తనవాళ్ల మీద.

“చొక్కా పోయింది,” అంది. “బుద్ధిలేక నేనే పోగొట్టాను. మరి మీకేమైంది? మీ కళ్లు కూడా నేల తినేసిందా? నూలుగుడ్డకి నోరుందనుకుని నోళ్లున్నవాళ్లం మూసుక్కూర్చున్నాం. నా తమ్ముడు వీపు తిప్పింది ఆ కాంట్రాక్టరుకి మట్టి చూపించడానికి. ఎవరికోసం చూపించాడు? నాకోసమా?”

ఎవడో దగ్గాడు. అప్పుడు కమ్మరి మామ వరసలోంచి బయటికొచ్చాడు. గుంటలో చెయ్యి పెట్టి గుప్పెడు మట్టి తీసి అక్క దోసిట్లో పోశాడు. ఆమెకు వీపు తిప్పి వంగాడు.

“ఎక్కడ తగిలిందో నువ్వు పెట్టమ్మా. నాకు చెయ్యి అందదు.”

అక్క ఎడమ రెక్క కింద అరచేయి అదిమింది. నల్లటి మచ్చ పడింది.

“ఇక్కడ,” అని మామ గట్టిగా అన్నాడు. “వెనకనుంచి కాల్చాడు. వానపాము మోకాళ్లమీద ఉన్నాడు, చెయ్యి నేలలో ఉంది, కర్ర కూడా లేదు. నేను చూశాను. పక్కనే ఉన్నా. రాసుకో అయ్యా.”

జమాదారు లాఠీ మామ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. కొలిమిపని చేసే కుడిచెయ్యి అది. మామ మోకాళ్లమీద పడి, పడినచోటనుంచే మళ్లీ, “నేను చూశాను,” అన్నాడు.

ఇక ఆగలేదు. పెద్దమ్మ వచ్చి వీపు తిప్పింది. ఊళ్లో లేనన్నవాడు వచ్చాడు. కళ్లలో దుమ్ము పడిందన్నవాళ్లు వచ్చారు. ఒకరికొకరు మట్టి పెట్టుకున్నారు. లాఠీలు విరుచుకుపడ్డాయి. తలలు పగిలాయి, మట్టిలో రక్తం కలిసింది, ఆ మట్టే తీసి వెనకున్నవాడి వీపుకి పులిమారు. “నేను చూశాను. ఇక్కడ.” “నేనూ చూశాను.” ఒక పోలీసు చేతిలో లాఠీ లాగి మోకాలిమీద రెండు ముక్కలు చేశారు. ఇంకొకణ్ణి గుంటలోకి తోసేశారు.

కాంట్రాక్టరు జీపెక్కబోయాడు. జీపు చుట్టూ జనం. నడుం దగ్గర చెయ్యి పెట్టాడు, తుపాకి తీశాడు. ఎవరూ పరుగెత్తలేదు. ముందున్నవాళ్లు వాడివైపు చూసి, నెమ్మదిగా వెనక్కి తిరిగారు. వాళ్లవెనకవాళ్లూ తిరిగారు. చేనంతా వీపులే. ప్రతి వీపుమీదా అదే చోట అదే మచ్చ.

“కాల్చు,” అంది అక్క. ఆమె వీపుమీద మచ్చ పెట్టింది పెద్దమ్మ. “అలవాటే కదా నీకు.”

వాడి చెయ్యి పైకి లేచింది. ఆఫీసరే పరుగెత్తుకొచ్చి ఆ చేతిని కిందికి నొక్కాడు, చాలామంది చూస్తున్నారయ్యా అని చెవిలో అన్నాడు. అదే మాట ఆనాడు ఎవరైనా అని ఉంటే బాగుండేది.

ఊరంతటినీ అరెస్టు చేశారు. లారీలు చాలక ఎస్టేటు ట్రాక్టర్లు తెప్పించారు. దారిలో ఒక మిల్లుంది, షిఫ్టు వదిలే వేళైంది. గేటు బయట కార్మికులు ఆగి, దెబ్బలు తిన్న ఆ మనుషుల్నీ, ఆ మచ్చల్నీ చూశారు. ఏమిటవి అని ఒకడు అరిచి అడిగాడు. ట్రాక్టరులోంచి మామ, వేలాడుతున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, మొత్తం కథ అరిచి చెప్పాడు.

స్టేషనులో ఆఫీసరు ఫోను మీద ఫోను చేసి, చివరికి మగవాళ్లందరి చొక్కాలూ విప్పించమన్నాడు. విప్పారు. చిరిగినవి, మాసినవి, రక్తం అంటినవి, వరండాలో గుట్ట పడ్డాయి. వీపులమీదకి దిగిన తడిమట్టి మాత్రం అలాగే ఉంది. ఒక్క చొక్కా కోసం అక్క అరికాళ్లు చీల్చిన జమాదారు ఆ గుట్ట పక్కన నిలబడి, దాన్ని ఎక్కడ దాచాలో తోచక అటూ ఇటూ చూశాడు.

అక్క కటకటాల వెనకనుంచి చూస్తూనే ఉంది. బయట రోడ్డుమీద అడుగుల చప్పుడు మొదలైంది, చాలా అడుగులు. జమాదారు గేటు దాకా వెళ్లి చూసి, లోపలికి పరుగెత్తాడు.

“మిల్లువాళ్లు వస్తున్నారు సార్,” అన్నాడు. “వాళ్ల వీపులమీద కూడా మట్టుంది.”